జాగిలముల పెంపకములో ఓర్పు

వేటకుక్కను పెంచుచున్నామని చెప్పగానే వినువారు రెండు ప్రశ్నలు వేయుదురు. అది ఎంత వేగముగా పరుగెత్తును? దేనిని పట్టగలదు? ఈ రెండును తెలిసికొనదగినవే. కాని మేము ముందుగా అడుగు ప్రశ్న వేరొకటి కలదు. ఎదుట చెవులపిల్లి లేచి పరుగెత్తుచుండగా, దాని వెంట మన కుక్క దుమికి పోవుచుండగా, పేరుపెట్టి ఒక్కసారి పిలిచినచో అది వెనుకకు మరలునా?

పరుగు జాగిలమునకు పుట్టుకతో వచ్చును. వాసన పట్టుట దాని ముక్కునకు దేవుడిచ్చిన విద్య. తరుముటయు అంతే. మూడునెలల పిల్ల గాలికి దొర్లు ఎండుటాకును తరుమును, కోడిపెట్టను తరుమును, మన పంచె అంచును తరుమును. వీనిని తాము నేర్పితిమని చెప్పుకొనువారు నీటికి పల్లము చూపితిమని చెప్పుకొనువారితో సమానులు. నేర్పవలసినది మరలివచ్చుట. పలుపు విప్పిన మరుక్షణమున దానికిని మనకును నడుమ త్రాడు లేదు, కఱ్ఱ లేదు, తలుపు లేదు. అది నాలుగు కాళ్ళతో పోవుచుండును. మనము రెండు కాళ్ళతో ఎంత పరుగెత్తినను అందుకొనజాలము. అప్పుడు దానిని వెనుకకు తేగలిగినది ఒక్కటే: మన యొద్దకు రావలెనను దాని కోరిక. ఆ కోరికను ఒకనాటిలో పుట్టింపలేము, కొని తేలేము, కొట్టి రప్పింపలేము. నేటి మా ప్రసంగము దానిని గూర్చియే.

మా ఎలమంచిలి ఎట్టి చోటనున్నదో శ్రోతలలో పలువురెరుగుదురు. 2022 ఏప్రిల్ నుండి ఇది అనకాపల్లి జిల్లాలోనిది. అంతకుముందు విశాఖపట్నము జిల్లాలోనిది. తూర్పున కొన్ని మైళ్ళలో సముద్రము, పడమట దూరముగా మన్యపు కొండలు, నడుమ వరిచేలు, చెరకు తోటలు, జీడిమామిడి, తాటిచెట్లు. చెన్నపట్నము నుండి హౌరా పోవు రైలుమార్గమును, పెద్ద రహదారియు మా ప్రక్కనుండియే పోవుచున్నవి. చెరకు ఏపుగా పెరిగిన దినములలో రాత్రివేళ నక్కలు కూయును. అడవిపందులు దిగిన తోటలో తెల్లవారునప్పటికి విరిగిన గడలు తప్ప మరేమియు మిగులదు. కళ్ళము దగ్గర పాక, పాకముందు ఒక కుక్క, ఇది ఈ ప్రాంతపు రైతునకు తరతరములుగా వచ్చుచున్న ఏర్పాటు. ఆ కుక్క రాత్రి కావలి కాయును. పూర్వము పగటిపూట యజమాని వెంట వేటకును పోయెడిది.

పూర్వము అనుటకు కారణము కలదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991 సవరణతో వేట లైసెన్సులు పూర్తిగా పోయినవి. ఈనాడు కుందేలును గాని, అడవిపందిని గాని, జింకను గాని వేటాడుట నేరము. పంటకు ముప్పు కలిగించు జంతువు విషయమున సైతము అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి ఉండవలెను. చట్టము 'వేట' అను మాటకు చెప్పిన అర్థమును చాలమంది చదువరు. చంపుట మాత్రమే వేట కాదు. తరుముట, తోలుట, ఉచ్చు పన్నుట, ఎర వేయుట కూడ వేటయే. కుక్కను ఉసికొలిపి కుందేలు వెంట తోలినవాడు, కుందేలు దొరకకపోయినను, వేటాడినవాడే యగును.

అట్లయినచో వేటజాగిలమును పెంచుట ఎందులకు అని శ్రోతలు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. మా సమాధానమిది. ఆ కుక్కలో వేయేండ్లుగా కూడబెట్టిన ముక్కు కలదు, చెవి కలదు, రాత్రి చీకటిలో నిలుచు గుండె కలదు. తప్పిపోయిన దూడను వెదకుటకు, తోటగట్టుపై నిలిచి హెచ్చరించుటకు, ఇంటిని కాచుటకు ఆ గుణములే పనికివచ్చును. పోలీసుశాఖవారు నేరస్థుల జాడ తీయుటకు వాడునవి ఈ గుణములే. తెలంగాణములో మొయినాబాదునందు వారికి శిక్షణాలయమే కలదు. కాని ఆ గుణములన్నియు యజమాని మాటకు లోబడి యుండవలెను. వేట ఉన్న దినములలో మరలిరాని కుక్క ఆ పూటకు వేటను చెడగొట్టెడిది. వేట లేని ఈ దినములలో మరలిరాని కుక్క యజమానిని న్యాయస్థానమునకు ఈడ్చును, లేదా తాను చచ్చును.

చచ్చుట అనుమాట ఊరక అనలేదు. పందులకొరకు దొంగతనముగా పన్ను కరెంటు తీగ కుక్కను గుర్తింపదు. మేతలో దాచిన నాటుబాంబు పంది నోటను పేలినట్లే జాగిలము నోటను పేలును. ఇక మా ఊరి ప్రక్క రహదారి సంగతి చెప్పనక్కరలేదు. వాసన పట్టిన కుక్కకు లారీ కనబడదు, రైలు కూత వినబడదు. అట్టి వేళ దాని చెవిలో దూరగల ధ్వని ఒక్కటి మాత్రమే మిగిలియుండును. అది చిన్ననాటినుండి అన్నముతోను, నిమురుటతోను కలిసి వినిన మన గొంతు.

ఈ సంగతిని పెద్దలు ఎప్పుడో గ్రహించిరి. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు దేశీయుడైన జెనోఫోను వేటకుక్కలపై ఒక గ్రంథము వ్రాసెను. కుక్కకు పొట్టి పేరు పెట్టుడు, పిలుచుటకు సులువుగా నుండవలెను అని చెప్పి, నలువదికి పైగా పేర్లు వరుసగా ఇచ్చెను. పిల్లలను తల్లివద్దనే పెరుగనిమ్మనియు ఆతడు చెప్పినాడు. ఆ తరువాత క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అరియను అనువాడు, జెనోఫోను విడిచిన విషయములను చెప్పెదనని మరొక గ్రంథము వ్రాసెను. తన సొంత జాగిలమును గూర్చి ఆతడు వ్రాసిన పుటలు ఈనాడు చదివినను మనసు కరగును. కుక్క మనిషి ప్రక్కన పండుకొనుట మంచిదని ఆతని అభిప్రాయము; అందువలన దానికి మనుష్యులయెడ మక్కువ కలుగునట. ఆడుకుక్కను పదకొండవ నెలలోను, మగకుక్కను రెండేండ్లు నిండిన పిదపను మాత్రమే పరుగుపందెమునకు విడువుడనినాడు. నిజమైన వేటగాడు కుందేలును చంపుటకై కుక్కను విడువడు, పరుగు చూచుటకై విడుచును, కుందేలు తప్పించుకొనినచో సంతోషించును అని కూడ ఆతడు వ్రాసియున్నాడు. మన చట్టము ఇప్పుడు ఆ పరుగునకును ఒప్పుకొనదు గాని, చంపుటయే వేటకు పరమార్థము కాదని పద్దెనిమిది వందల ఏండ్లకు పూర్వమే ఒక వేటగాడు తలచుట గమనింపదగినది.

మన సాహిత్యములోనికి వచ్చినచో, పెద్దన మనుచరిత్రములో స్వరోచి వేట కలదు. అందు జాగిలములకు మంచి స్థానమే దక్కినది. కాని కుక్కల పెంపకమునకు సంబంధించిన పాఠము మాకు కనబడినది భారతములో. ఆదిపర్వమున జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా సరమ అను దేవశుని కొడుకు అచటికి వచ్చును. రాజు తమ్ములు దానిని కొట్టుదురు. అది ఏడ్చుచు తల్లివద్దకు పోవును. నీవేదో తప్పు చేసియుందువని తల్లి అనును. లేదు, హవిస్సువంక చూడనైనను లేదు, నాకలేదు అని అది చెప్పును. అప్పుడు సరమ రాజసభకు వచ్చి, తప్పు చేయనివానిని ఏల కొట్టితిరి అని అడుగును. ఆ సభలో ఒక్కరికిని సమాధానము తోచదు. మీకు కనబడని భయము కలుగుగాక యని శపించి సరమ వెడలిపోవును. కుక్కను పెంచువాడు ప్రతి దినమును ఆ సభలో నిలుచుండినట్లే. కొట్టబడినది ఎందులకు కొట్టబడెనో కుక్కకు తెలియనిచో, కనబడని భయము ఇరువురిలోను మిగులును.

అదే భారతములో మరొక కుక్క కలదు. పాండవులు వేటకు పోయినపుడు వారి జాగిలము వారికన్న ముందు పరుగెత్తి అడవిలో ఏకలవ్యుని చూచి మొరిగినది. ఆతడు దాని నోటిని బాణములతో నింపినాడు. ఆ కుక్క వెనుకకు పోవుటవలన ఆతని విద్య బయటపడినది, బొటనవ్రేలు పోయినది. పెంపకందారులుగా మేము ఈ కథను వేరొక విధముగా చదువుదుము. యజమానుల కంటికి ఆనక ముందుపోయి, ఎరుగని మనిషిని చూచి మొరుగుట శిక్షణలోపము. ఆ కుక్క పిలుపు దూరములో నుండినచో ఏకలవ్యుని వ్రేలు దక్కియుండెడిదేమో.

ఇక మన కోస్తాతీరపు జాగిలమగు జోనంగిని గూర్చి. కొల్లేటి ప్రాంతమున, కృష్ణా గోదావరుల నడిమి పల్లెలలో ఇది పేరెన్నిక గన్నది. మిక్కిలి పొట్టి వెండ్రుకలు, నునుపైన మేను, ముడుతలు పడిన నుదురు, నిలబడిన చెవులు, సన్నని నడుము. మొరుగుట తక్కువ, ఒక విధమైన రాగము తీయును. నేల త్రవ్వుటలో దీనికి గల సరదా ఇంటివారికి విసుగు పుట్టించును. చిన్న జంతువులను వేటాడుటకును, బాతుల మందలను తోలుటకును రైతులు దీనిని పెంచిరి. బాతును నోట కరువక నీటిగట్టు వెంట తోలుకొనిపోవు వేటకుక్కను తలచుకొనుడు! తరుమవలెనను పుట్టుకను అణచుకొని, తోలుటవరకే నిలిపిన పని అది. ఎంత ఓర్పు గల మనుష్యులు దానిని తీర్చియుందురో ఊహింపవచ్చును. తరువాత కొల్లేటిలో చేపలచెరువులు విస్తరించినవి, బాతుల మందలు తగ్గినవి, కుక్కకు పని పోయినది. పనిపోయిన కుక్కను ఊరివారు లెక్కచేయలేదు. దానికి ఊరకుక్కలతో సంకరము కలిసినది. ఈనాడు మేలైన జోనంగి దొరకుట కష్టము. 2005లో తపాలాశాఖవారు నాలుగు దేశీయ జాతుల కుక్కలతో బిళ్ళలు వెలువరించిరి: హిమాలయపు గొర్రెలకుక్క, రాంపూరు, ముధోల్, రాజపాళయము. మన జోనంగికి ఆ వరుసలో చోటు దొరకలేదు. కొంచెము చిన్నబుచ్చుకొంటిమి, దాచనేల?

రాజపాళయపు కుక్కకు తెలుగువారితో సంబంధము కలదు. తమిళదేశములోని రాజపాళయమున స్థిరపడిన రాజులు తెలుగు మాటలాడువారు. ఆ జాగిలము వారి పట్టణము పేరనే ప్రసిద్ధి కెక్కినది. తెల్లని మేను, గులాబివన్నె ముక్కు, చూచుటకు ఎంతో ఠీవిగా నుండును. ఆ తెలుపుకొరకు తెల్లనివానినే జోడించుచు పోవుటచే ఈ జాతిలో చెవిటి పిల్లలు పుట్టుట ఒక బెడద యైనది. మేము పిల్లలను ఎంచుకొన వచ్చినవారికి దీనిని తప్పక చెప్పుదుము. అందము చూచి జోడు కట్టినవాడు చివరకు పిలుపు వినలేని వేటకుక్కను పొందినాడు. ఎంత శిక్షణ ఇచ్చినను ఆ లోటు తీరునా?

కనుక జోడు కట్టుటలో మేము చూచునది మొదట స్వభావము, పిదప ఆరోగ్యము, ఆపైన మాత్రమే రూపము. పిరికిదగు తల్లి పిల్లలకు తన పిరికితనమును రక్తములోను ఇచ్చును, నడవడిలోను ఇచ్చును; కొత్తమనిషిని చూచి ఆమె మూలకు పోయినచో పిల్లలును మూలకే పోవును. ఒకే ఇంటి కుక్కలను మరల మరల జోడించుట మన పల్లెలలో సామాన్యము, వేరొకటి దొరకదు గనుక. దాని ఫలము రెండు మూడు తరములలో తెలియును: ఈత తగ్గును, పిల్లలు నిలువవు. నాలుగు ఊళ్ళు తిరిగి సంబంధము వెదకుట మనుష్యుల పెండ్లికే కాదు, దీనికిని అవసరము. 2017లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలు ఈ విషయమున చక్కగా నున్నవి. పదునెనిమిది నెలలు నిండని ఆడుకుక్కను ఈనింపరాదు. ఏడాదికి ఒక్క ఈతకు మించరాదు. జీవితములో ఐదు ఈతలకు మించరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పెంచి అమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలివద్ద నమోదు చేసికొనవలెను. మేమైతే రెండేండ్లు నిండువరకు ఆగుదుము. ఆడుకుక్క తన మనసు కుదుటపడిన పిదప తల్లియైననే పిల్లలకు మంచిది.

చూలు అరువదిమూడు దినములు, ఒకటి రెండు అటునిటు. పిల్లలు గ్రుడ్డివిగా, చెవిటివిగా పుట్టును. పది పదునాలుగు దినములకు కన్నులు విచ్చును. మూడవ వారము దాటినది మొదలు వానికి లోకము తెలియనారంభించును. ఇక్కడ శ్రోతలు కొంచెము శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. కుక్క జీవితమంతయు ఈ కొద్ది వారములమీద ఆధారపడి యున్నది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రమున బార్ హార్బరు అను ఊరిలో జాక్సన్ ప్రయోగశాల యొకటి కలదు. అచట స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు చాల సంవత్సరములు కుక్కపిల్లల నడవడిని పరిశీలించి 1965లో ఒక గ్రంథము ప్రకటించిరి. అంతకుముందు 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనువారు అచటనే ఒక ప్రయోగము చేసిరి. పిల్లలను పెద్ద కంచెలోపల మనుష్యుల పొత్తు లేకుండ పెరుగనిచ్చి, కొన్నింటిని రెండవ వారమున, కొన్నింటిని మూడవ, ఐదవ, ఏడవ, తొమ్మిదవ వారములలో ఒక్కొక్క వారముపాటు బయటకు తెచ్చి మనుష్యులతో కలిపిరి. పదునాలుగు వారములవరకు మనిషిని ఎరుగని పిల్లలు అడవిజంతువులవలె తయారైనవి. పిదప వానిని మచ్చిక చేయుట దుస్సాధ్యమైనది. మూడవ వారము మొదలు పండ్రెండవ వారమువరకు గల కాలమే చెలిమికి తలుపు తెరచి యుండు కాలమని దీనివలన తేలినది. మూయబడిన పిదప తట్టినచో కొంచెము తెరచుకొనునేమో గాని, విశాలముగా తెరచుకొనదు.

మన పల్లెలలో జరుగునది దీనికి వ్యతిరేకము. ఇరువది దినముల పిల్లను తల్లినుండి లాగుకొని సంచిలో వేసికొని పోవుదురు. అది రాత్రులు ఏడ్చును. ఏడ్చినందులకు బుట్టక్రింద మూయుదురు. లేనిచో ఆరునెలలవరకు గొలుసున కట్టి, ఎవ్వరిని దగ్గరకు రానీయక, క్రూరముగా తయారగునని మురియుదురు. మొదటిది తోటి కుక్కల మర్యాద నేర్వదు. కరచు బలమెంతయో తోబుట్టువుల కాట్లాటలోనే తెలియవలెను గదా. రెండవది మనుష్యులను నమ్మదు. నమ్మని కుక్క పిలిచిన రాదు.

మేము చేయునది మిక్కిలి చిన్నపని. ఎనిమిది వారములవరకు పిల్లలు తల్లివద్దనే. కాని మూడవ వారమునుండి దినమునకు నాలుగైదుసార్లు ఒక్కొక్కదానిని చేతిలోనికి తీసికొందుము. ముదుసలులు, పిల్లలు, గొడుగు పట్టినవారు, తలపాగ చుట్టినవారు, సైకిలు మీద వచ్చువారు, అందరును దానికంట పడవలెను. మేకను చూడవలెను, కోడిని చూడవలెను, నీటికాలువను దాటవలెను. ఇంటిలో రోలు చప్పుడు, పళ్ళెము పడిన చప్పుడు వినవలెను. దీపావళినాటి టపాకాయలకు మంచముక్రింద దూరు కుక్కను మీరెరుగుదురు. దానికి చిన్నతనమున చప్పుళ్ళు మెల్లమెల్లగా పరిచయము కాలేదన్నమాట. టీకాలు పూర్తికాని పిల్లను వీధి నేలమీద విడువక చేతులలో మోసికొని త్రిప్పవలెను. ఆరు ఎనిమిది వారముల నడుమ పశువైద్యుని వద్దకు మొదటి టీకాకు పోవలెను. పిచ్చికుక్క వ్యాధికి మూడవ నెలలో వేయించి, ఏటేట మరల వేయించవలెను. గోమార్లను ప్రతిదినము చెవులవెనుక, వ్రేళ్ళసందున వెదకి తీయుట కూడ చెలిమియే. ఒంటిని అప్పగించి నిలుచుండు అలవాటు దానికి అప్పుడే కలుగును.

మొదటి నెలలో మేము నేర్పునది పేరు ఒక్కటే. రెండక్షరముల పేరు. ఆ పేరు మంచి సంగతికే పిలువవలెను: అన్నము పెట్టుటకు, ఆటకు, నిమురుటకు. స్నానమునకు, మందునకు, గొలుసు వేయుటకు పేరుపెట్టి పిలువరాదు. మనమే లేచి దానివద్దకు పోవలెను. ఇంటిలో పదిమంది పది పేర్లతో పిలిచి, తిట్టుటకు కూడ ఆ పేరే వాడుదురు. అప్పుడు ఆ మాటకు విలువ యుండదు. అన్నము కొంతకాలము చేతితో పెట్టుదుము. రాగిసంకటి గాని, చేపముక్క కలిపిన అన్నము గాని, ముద్ద ముద్దకు పేరు. నెలదినములకు ఆ పేరు దానికి ఆకలి తీరుటతో అతుకుకొనిపోవును.

నాలుగవ నెలలో దాగుడుమూతలు. కుక్క చూడనపుడు చెరకుగట్టు చాటున నిలిచి ఒక్కసారి పిలుతుము. ఒక్కసారియే. పదిసార్లు పిలుచువాడు పదవ పిలుపునకు రమ్మని నేర్పుచున్నాడు. అది కంగారుపడి వెదకి కనిపెట్టినపుడు దాని సంతోషము చూడవలెను! మన జాడ తాను పెట్టుకొనవలెనని, మనలను పోగొట్టుకొనరాదని అప్పుడు అది నేర్చుకొనును. ఈ ఆటలోనే ముక్కు పని కూడ వచ్చును. పాత గోనెసంచిని త్రాటికి కట్టి నేలమీద ఈడ్చి, చివర దానిని దాచి వెదకింపవచ్చును. ఏ ప్రాణికిని హాని లేదు, జాగిలమునకు వేట సరదా తీరును.

అటుపిమ్మట పొడుగుత్రాడు. ఇరువది బారల త్రాడు మెడకు కాక వంటికి వేసిన పట్టీకి కట్టి, నేలమీద ఈడ్చుకొని తిరుగనిత్తుము. పిలిచినపుడు రానిచో త్రాటిని త్రొక్కి ఆపుట, మెల్లగా దగ్గరకు తెచ్చుకొనుట, వచ్చినందులకు మెచ్చుకొనుట. గుంజుట లేదు, అదలింపు లేదు. ఎంతకాలము? కొన్నింటికి రెండు నెలలు, కొన్నింటికి ఎనిమిది. కళ్ళములో పిల్లను చూడవచ్చిన పడుచువాడు "మావా, ఇది ఎప్పటికి పనికొస్తాది?" అని అడుగుట, "ఏడాది ఆగరా అల్లుడూ, అప్పుడు నువ్వు దానికి పనికొస్తావో లేదో తెలుస్తాది" అని పెద్దవాడు నవ్వుట మా వైపున విననివారు లేరు.

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అను సామెత మనకు కలదు. మనుష్యుల తగవులకు అది చెల్లునేమో గాని, కుక్కలకు చెల్లదు. చెప్పుదెబ్బ తిన్న కుక్క చెప్పును చూచి అణగును. చెప్పు లేని దూరమున అణగదు. వేటకుక్క పనియంతయు ఆ దూరముననే గదా. చూపు కలియుటలో ఎంత బలమున్నదో జపానుదేశపు శాస్త్రజ్ఞులు 2015లో చూపిరి. యజమానియు కుక్కయు ఒకరినొకరు చాలసేపు చూచుకొనిన పిదప ఇరువురి శరీరములలోను ఆక్సిటోసిన్ అను రసము పెరిగినదట. తల్లీబిడ్డల మమతకు తోడుపడు రసమే అది. పెంపుడు తోడేళ్ళలో అట్లు కాలేదట. కొట్టబడు కుక్క కన్ను ప్రక్కకు త్రిప్పుకొనును. ఆ చూపు కలియదు.

అన్నిటికన్న కష్టమైన కాలము ఆరవ నెలకును పదునాలుగవ నెలకును నడుమ. నిన్నటివరకు పిలువగానే వచ్చిన పిల్ల నేడు తల యెత్తి చూచి, మరల తన దారిని పోవును. నేర్పినదంతయు మరచినట్లుండును. మరువలేదు; వయసు వచ్చినది. చాలమంది ఓర్పు ఈ సమయమున తెగును. కఱ్ఱ తీయువారు, గొలుసు వేయువారు, సంతలో అమ్మివేయువారు, ఊరి పొలిమేర దాటించి విడిచివచ్చువారు, అందరును ఈ వయసుననే. మేము మరల పొడుగుత్రాడు తగిలించి, నాలుగవ నెల పాఠము మొదటినుండి ఆరంభింతుము. దానికి సిగ్గుపడవలసినది లేదు. ఆరువారములో, పదివారములో గడచును. మేకలమంద ప్రక్కనుండి త్రాడు బిగియక నడచునంతవరకు త్రాడు తీయము. గొఱ్ఱెను ఒకసారి పట్టి రక్తము రుచి చూచిన జాగిలమునకు గొల్లవాడు విషము పెట్టినచో ఎవరిని నిందింపగలము?

పెంపకందారునకు మరొక బాధ్యత కలదు. జోనంగివంటి జాతి ఒక మనిషిని, లేదా ఒక ఇంటిని మాత్రమే హత్తుకొనును. మూడేండ్ల కుక్కను చేతులు మార్చినచో అది తిండి మానును. పాత ఇంటికి త్రోవ వెదకుకొనును. ఉద్యోగమునకై పట్టణములోని మూడవ అంతస్తుకు పోనున్నవాడు ఈ కుక్కను తీసికొనరాదు. ఏటికి ఒక్క ఈతయే గనుక మావద్ద పిల్లలు తక్కువ, అడుగువారు ఎక్కువ. అడిగినవారిని రెండుమూడు సాయంకాలములు ఊరక వచ్చి పిల్లలనడుమ కూర్చుండుమని అందుము. పలువురు రెండవనాడు రారు. వచ్చినవారిలోను, ఏ పిల్ల వేగముగా పరుగెత్తునని అడుగువారికన్న, ఏ పిల్ల తమ ఒడిలోనికి వచ్చి నిద్రపోయెనో దానిని ఇమ్మని అడుగువారికి ముందు ఇత్తుము.

ఇక చివరి మాట, ఆలసించి వచ్చు కుక్కను గూర్చి. ఎంత చక్కగా పెంచినను ఏదో ఒకనాడు అది వాసనవెంట పడి పోవును. గంట గడచును, చీకటి పడును. మనము గట్టుమీద నిలిచి గొంతు పోవునట్లు పిలిచియుందుము. కోపము వచ్చుట సహజము. అప్పుడు చెరకు ఆకులు కదలి, నాలుక వ్రేలవేసికొని, ముండ్లు గ్రుచ్చుకొన్న చెవులతో అది వచ్చును. ఆ క్షణమున అది చేసిన పని పారిపోవుట కాదు, తిరిగివచ్చుట. కొట్టినచో దెబ్బ తగులునది తిరిగివచ్చినందులకే. కుండలో నీరు పోయవలెను, పాదములలోని ముండ్లు తీయవలెను, పేరుపెట్టి పిలిచి అన్నము పెట్టవలెను. మరునాడు ఉదయమున త్రాడు తీసికొని మరల గట్టుమీదికి పోవలెను.